ఆశయాలు రాసే ముందు ఆవరణ చుట్టి రా

అమ్మా,

ఆశీస్సులు. ప్రిన్సిపాల్‌గా బాధ్యతలు తీసుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు పంపాల్సిన స్వీయ అధ్యయన నివేదిక కోసం కళాశాల ఆశయాలను తిరగరాస్తున్నామంటూ నువ్వు పంపిన ముసాయిదా చదివాను. భాష బాగుంది. మీ కళాశాల మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు. ‘ప్రపంచ స్థాయి ప్రమాణాలు’, ‘సమగ్ర మూర్తిమత్వ వికాసం’ వంటి మాటలు ఏ ఊళ్లో ఏ కాలేజీ గోడ మీద రాసినా సరిపోతాయి. పట్టుమని పదిహేను మంది అధ్యాపకులు కూడా లేని, అందులోనూ కొందరు గెస్ట్ ఫ్యాకల్టీగా ఏడాదికేడాది మారిపోయే ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల తన పిల్లలకు ఏం మాట ఇస్తున్నదో ఆ రెండు పేజీల్లో నాకు దొరకలేదు.

అందుకే ఒక పద్ధతి చెబుతాను. నువ్వు రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ‘ఇది మా ఆవరణలో ఎక్కడుంది?’ అని అడుగు. వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి చూపించగలిగితే వాక్యాన్ని ఉంచు. చూపించలేకపోతే కొట్టివెయ్యి, లేదా ముందు ఆ చోటును బాగు చేసి తరువాత రాయి. ఈ ఒక్క పని గట్టిగా చేస్తే నివేదికలో సగం రాసినట్టే.

ముందు ఒక పూట తీరిక చేసుకుని అడ్మిషన్ దరఖాస్తులు తిరగెయ్యి. తల్లిదండ్రులు ఏం పని చేస్తున్నారు, ఇంటర్ ఏ మాధ్యమంలో చదివారు, ఏ ఊరి నుంచి వస్తున్నారు అనేవి ఒక కాగితం మీద రాసుకో. ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి తామే అయిన పిల్లలు ఎంతమంది ఉన్నారో తేలుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి, ఇప్పుడు ఆంగ్లంలో పాఠం వింటూ తలూపే పిల్లలు ఎంతమందో కూడా తేలుతుంది. మీ మొదటి ఆశయం ఆ కాగితంలోనే ఉంటుంది. ‘మా దగ్గర చేరిన విద్యార్థి మొదటి సెమిస్టర్ ముగిసేలోగా పాఠ్యపుస్తకాన్ని తనంతట తాను చదివి అర్థం చేసుకోగలగాలి’ అని రాశావనుకో, అందులో ఆర్భాటం లేదు, కానీ దానికోసం టైమ్ టేబుల్‌లో ఒక గంట కేటాయించక తప్పదు. ఆశయం అలా పని పుట్టించాలి.

టైమ్ టేబుల్ మాట వచ్చింది కాబట్టి బస్సుల సంగతి కూడా చెప్పాలి. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఆఖరి పీరియడ్ అంటే బస్సు మీద బెంగ. తరగతులయ్యాక గ్రంథాలయం తెరిచి ఉంటుందని రాస్తే ఆ సౌకర్యం ఊళ్లో ఉన్న నలుగురికే. గ్రంథాలయ గంటను మధ్యాహ్నం లోపే, రెండు పాఠాల నడుమ పెట్టు. డిపో మేనేజర్‌కు విద్యార్థుల సంఖ్య, ఊళ్ల వివరాలతో ఉత్తరం రాసి, నకలు ఫైల్లో ఉంచు.

ఇక ప్రయోగశాల. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన కళాశాలల్లో కాగితానికీ నిజానికీ మధ్య ఎడం అన్నిటికంటే ముందు తెలిసేది ఇక్కడే. ఆమ్లం గాఢతను క్షారంతో కొలిచే టైట్రేషన్ జరుగుతున్నప్పుడు వెళ్లి వెనక నిలబడి చూడు. కుప్పెలో ఆమ్లం, అందులో క్షారం తగిలితే రంగు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు, పైన బ్యూరెట్‌లో, అంటే కొలత గీతలూ అడుగున తిప్పే కుళాయీ ఉన్న గాజు గొట్టంలో, క్షారం. లేత గులాబీ రంగు వచ్చి నిలిచిన క్షణంలో చెయ్యి ఆగాలి. ఒక్క చుక్క ఎక్కువైతే రంగు ముదిరిపోతుంది. ఆ క్షణాన్ని పట్టుకోవడం చేతికి రావాలి, చెబితే వచ్చేది కాదు. నలుగురికి ఒకే బ్యూరెట్ ఉన్న చోట ఒకరు తిప్పుతారు, ఒకరు రీడింగు చూస్తారు, మిగిలిన ఇద్దరూ రికార్డులో ఎక్కించుకుంటారు. నలుగురికీ మార్కులు వస్తాయి. తిప్పేది ఎప్పుడూ ఆ ఒక్కరే. మూడేళ్లు గడిచి పట్టా చేతికి వచ్చేనాటికి బ్యూరెట్ ముట్టని పిల్ల రసాయనశాస్త్ర పట్టభద్రురాలు అవుతుంది. ఆ పిల్లకు జరిగిన అన్యాయం ఏ నివేదికకూ ఎక్కదు.

ఈ ఒక్కటి సరిచేయడానికి పెద్ద నిధులు అక్కరలేదు. బ్యాచ్‌ను రెండుగా విడగొట్టు. అధ్యాపకుల పనిగంటలు సరిపోవంటారు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని ఉంది. మీ వాళ్ల పట్టికలు ముందు పెట్టుకుని, అందరితో కూర్చుని లెక్క చూడు. ఒక డిజిటల్ బోర్డుకు పెట్టే ఖర్చుతో ప్రయోగశాల మొత్తానికి బ్యూరెట్లు వస్తాయి. ముందు బ్యూరెట్లు కొను. ‘ప్రతి విద్యార్థీ ప్రతి ప్రయోగాన్నీ స్వయంగా చేస్తారు’ అని అప్పుడు ధైర్యంగా రాయవచ్చు.

గ్రంథాలయానికి వెళ్లినప్పుడు బీరువాల్లో పుస్తకాలు లెక్కపెట్టకు. ఏదో ఒక అరలో చేతికందిన పది పుస్తకాలు తీసి, వెనక అతికించిన తేదీల చీటీ చూడు. చివరి ముద్ర ఏ సంవత్సరానిది? చీటీ ఖాళీగా ఉంటే తప్పు పిల్లలది కాదు, బీరువాకు వేసిన తాళానిది. తాళాలు తీయించు. పుస్తకాలు పోతాయని భయపెడతారు. కొన్ని పోతాయి కూడా. చదివేవాళ్లు లేక అరలోనే చెదలు పట్టడం కంటే అది నయం. కళాశాలలకు ఆన్‌లైన్‌లో పుస్తకాలు, పత్రికలు అందించడానికి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఎన్-లిస్ట్‌లో మీ కళాశాల సభ్యత్వం ఉంటే, పాస్‌వర్డ్‌లు అధ్యాపకుల దగ్గరే ఆగిపోకుండా విద్యార్థులకూ అందేలా చూడు.

ఒక స్త్రీగా నీకు నేను చెప్పనక్కరలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. మధ్యాహ్నం మూడు గంటలకు ఆడపిల్లల మరుగుదొడ్డికి నువ్వే వెళ్లి కుళాయి తిప్పి చూడు. పొద్దున నీళ్లుండి మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ అయ్యే కళాశాలలు చాలా ఉన్నాయి. అక్కడ పిల్లలు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చుంటారు. తలనొప్పితో కూర్చున్న పిల్లకు ఆఖరి పీరియడ్‌లో ఏ పాఠమూ ఎక్కదు. ‘మహిళా సాధికారత’ అనే వాక్యం మీ ముసాయిదా మూడో పేరాలో ఉంది. ఈ కుళాయి సరయ్యేదాకా దాన్ని పక్కన పెట్టు.

ర్యాంపు కట్టించే ముందు మేస్త్రీకి వాలు లెక్క చెప్పు: ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు. తనిఖీ కోసం హడావిడిగా కట్టే నిటారు ర్యాంపు మీద చక్రాల కుర్చీ ఎక్కదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ఇంకా సాకులు చెప్పే కాలం కాదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. కళాశాలకు గుర్తింపు, కేంద్ర నిధులకు అర్హత ఇచ్చే యూజీసీ చట్టం 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల పత్రాలు, అనుబంధ విశ్వవిద్యాలయం ఉత్తర్వులు, స్థలం పత్రాలు ఒకే ఫైల్లో ఉంచు. సర్వేయర్‌ను పిలిపించి హద్దురాళ్లు చూపించుకో. ప్రహరీ లేని ప్రభుత్వ స్థలం ఏటా ఒక అడుగు తగ్గుతుంది. చెట్లు నాటించేటప్పుడు ఆ హద్దు వెంట వేపా, కానుగా వేయించు. పిల్లలు మధ్యాహ్నం అన్నం తినే చోటా నీడ ఉండాలి. తరగతి గది మెట్ల మీద క్యారేజీలు విప్పుకునే పరిస్థితి మన ఆవరణలకు శోభ కాదు.

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969 నుంచి ఉంది. ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ గంటలను రోడ్లు ఊడ్చి ఫొటోలు తీయించుకోవడానికి ఖర్చు చేయనివ్వకు. దగ్గరి పల్లెలో తాగునీటి బోర్ల నమూనాలు తెచ్చి మీ ప్రయోగశాలలోనే పరీక్షించి, ఫలితాలు పంచాయతీకి ఇవ్వమను. ఊరికీ ఉపయోగం, పిల్లలకూ చదువు.

న్యాక్ గురించి కంగారు పడకు. 1994లో ఏర్పడిన నాటి నుంచి దాని పద్ధతులు మారుతూనే ఉన్నాయి, ఇక ముందూ మారతాయి. బృందం వస్తే నీ ఫైళ్లు చూసి ఊరుకోదు, పిల్లలతో కూడా మాట్లాడుతుంది. వాళ్లకు ముందే జవాబులు బట్టీ పట్టించకు. ఆ అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు.

తిరగరాసిన ముసాయిదాను స్టాఫ్ కౌన్సిల్‌లో పెట్టే ముందు తెలుగులో ఒక పేజీకి కుదించి, గెస్ట్ ఫ్యాకల్టీకీ, అటెండర్లకూ, ప్రతి తరగతి నుంచి ఇద్దరు పిల్లలకూ చదివి వినిపించు. ఏ వాక్యం దగ్గర వాళ్లు మొహాలు చూసుకుంటారో గుర్తు పెట్టుకుని, ఆ వాక్యాల కింద గీతలు గీసి నాకు పంపు. వాటి మీద మనిద్దరం ఫోనులో మాట్లాడుకుందాం.

నీ మాస్టారు