గ్లూకోజ్ ఎక్కించుకుంటే నిజంగా ఒంట్లో బలం వస్తుందా?

అమ్మకు బీపీ ఉంది, జ్వరం తగ్గి వారం దాటినా నీరసం పోలేదు, ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రెండు బాటిళ్లు ఎక్కిస్తే లేచి తిరుగుతుందంటున్నారు, ఎక్కించమంటారా అని అడిగారు. వద్దండీ. నోటితో తాగగలిగే మనిషికి నరంలో సూది ఎందుకు? మీ ప్రశ్నకు జవాబు ఇంతే. ఇక కింద రాసేదంతా ఈ బాటిళ్ల మీద చిన్నప్పటి నుంచి నాలో పేరుకుపోయిన మంట. ఓపికుంటే చదవండి.

పల్నాడులో ఒక మండల కేంద్రంలో మా నాన్నకు మందుల షాపు ఉండేది. నేను డాక్టర్ని కాను, బీకాం చదివాను. కానీ సెలైన్ అట్టపెట్టెల మీద కూర్చుని ఎక్కాలు బట్టీపట్టినవాణ్ణి. మిరప కోతలు ఊపందుకున్నాయంటే చాలు, షాపుకి బాటిళ్లు ఆటోల్లో దిగేవి. వారమంతా ఎండలో నడుము వంచి కాయలు కోసిన మనుషులు, బట్వాడా చేతికి అందగానే వచ్చి ఆర్‌ఎంపీ ఇంటి అరుగు మీద వరసగా పడుకునేవాళ్లు. కిటికీ ఊచకో, గోడ మేకుకో, వాకిట్లో వేపకొమ్మకో గుడ్డపీలికతో కట్టిన బాటిల్ వేలాడుతుండేది. పక్కన కూర్చున్న భార్యో కొడుకో చుక్కల వంకే చూస్తుండేవాళ్లు. నెమ్మదిగా పడుతున్నాయనిపిస్తే గొట్టం మీదున్న చిన్న చక్రాన్ని వాళ్లే తిప్పేసేవాళ్లు. పొద్దుపోకముందే ఇంటికి పోవాలి కదా మరి.

ఇంతా చేసి ఆ బాటిల్లో ఉండేదేమిటి? అర లీటరు నార్మల్ సెలైన్‌లో 4.5 గ్రాముల ఉప్పు. మిగతాది నీళ్లు. జనం గ్లూకోజ్ అని పిలిచే 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరులో 25 గ్రాముల చక్కెర. అది వంద కేలరీలకు మించదు. రెండు ఇడ్లీలు తింటే సుమారు అంతే వస్తుంది, పైగా మినప్పప్పు కూడా ఒంట పడుతుంది. ఉప్పు బాటిల్లోనైతే కేలరీలు సున్నా. రోజంతా ఎండలో పనిచేసే మనిషికి రెండు వేల కేలరీలు దాటి కావాలి. లెక్క మీరే చూసుకోండి.

ఇందులో మళ్లీ రంగుల గొడవొకటి. "తెల్లది కాదు, పసుపు బాటిల్ పెట్టండి, అది పవర్" అని అడిగి మరీ పెట్టించుకుంటారు. ఆ పసుపు ఎక్కడిదో నాకు పదేళ్లప్పుడే తెలుసు. బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్‌ను బాటిల్లోకి ఎక్కిస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. అందులో ఉండే బీ2 విటమిన్ రంగే అది. ఒంటికి అక్కర్లేనిది మూత్రంలో పోతుంది కాబట్టి మర్నాడు మూత్రం కూడా చిక్కటి పసుపు. దాన్ని చూసి "వేడంతా దిగిపోతోంది, మందు బాగా పట్టింది" అని సంబరపడేవాళ్లు.

"మరి పెట్టించుకున్నవాళ్లు హుషారుగా లేస్తున్నారు కదా?" అని మీకు అనిపించవచ్చు. లేస్తారు. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవాడికి ఏ దారిలో నీరందినా ప్రాణం లేచొస్తుంది. మూడు చెంబుల మజ్జిగ తాగినా లేచేవాడే. రెండోది, ఆ రెండు గంటలూ కదలకుండా నీడపట్టున పడుకున్నాడు. కోత రోజుల్లో ఆ మనిషికి అంత విశ్రాంతి ఇంకెక్కడ దొరికింది? మూడోది అసలు మతలబు. చాలాచోట్ల బాటిల్‌తో పాటు డెక్సా ఇంజెక్షన్ ఒకటి పడుతుంది. అది స్టెరాయిడ్. నొప్పులు, జ్వరం, నీరసం కాసేపు మాయమైనట్టే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ ఎగబాకుతుంది. పేరు మాత్రం బాటిల్‌కు పోతుంది.

మీ అమ్మగారి విషయంలో నేనెందుకింత గట్టిగా వద్దంటున్నానో మా పెద్దమ్మ సంగతి చెబితే అర్థమవుతుంది. ఆమెకూ బీపీయే. బిళ్లలు గుర్తొస్తే వేసుకునేది, లేకపోతే లేదు. ఒక వానాకాలం జ్వరం వచ్చి తగ్గింది. "ఒరే, కాళ్లలో సత్తువ లేదురా, ఒక బాటిల్ పెట్టించండ్రా" అని రోజూ ఒకటే గొడవ. అన్నయ్య సాయంత్రం ఆర్‌ఎంపీని పిలిచాడు. మొదటి బాటిల్ అయ్యేసరికి ఆమె బాగానే మాట్లాడుతోంది. "ఇంకోటి కూడా పెడితే రేపటికి గుర్రంలా ఉంటారమ్మా" అని ఆయన రెండోది తగిలించాడు. అది ఇంకా తొందరగా అయిపోయింది, ఎవరు చక్రం తిప్పారో దేవుడికెరుక.

అర్ధరాత్రి దాటాక ఆమె పడుకోలేకపోయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే కాస్త నయం. రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి, ముందుకు వంగి కూర్చుని రొప్పుతోంది. దగ్గితే నురగ. ఆర్‌ఎంపీని మళ్లీ లేపితే గ్యాస్ అన్నాడు, గ్యాస్‌కు ఇంకో సూది పొడిచాడు. అదృష్టం బాగుండి అన్నయ్య ఆయన మాట వినకుండా కారు తీశాడు. నేను వెనక సీట్లో పెద్దమ్మను పట్టుకుని కూర్చున్నాను. దారి పొడవునా ఆమె నా మణికట్టు వదల్లేదు.

నరసరావుపేటలో ఆసుపత్రికి వెళ్లేసరికి డ్యూటీలో చిన్నమ్మాయి ఉంది, చదువు ముగించి ఏడాదో రెండేళ్లో అయ్యుంటుంది. పెద్దమ్మను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "బాటిల్ ఎక్కించారా? ఎన్ని?" అన్నయ్య నోరు మెదపలేదు. పెదనాన్నే "రెండేనమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి పెద్దమ్మ మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. ఊపిరితిత్తుల్లోకీ నీరు చేరింది అని చెప్పి, ఆక్సిజన్ పెట్టి, కూర్చోబెట్టి, ఒంట్లో నీటిని మూత్రంలో దింపే లాసిక్స్ ఇంజెక్షన్ చేసింది. తెల్లవారేసరికి యూరిన్ బ్యాగు నిండింది, పెద్దమ్మ దిండుకు ఆనుకుని నిద్రపోయింది. తర్వాత ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గుండె రక్తాన్ని తోసే బలం అప్పటికే తగ్గిపోయి ఉందని తేలింది. ఇన్నాళ్ల నీరసానికి కారణం జ్వరం ఒక్కటే కాదన్నమాట.

ఆ డాక్టరమ్మ పొద్దున పెదనాన్నకు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నోటితో తాగితే దాహం తీరగానే మనిషే చాలంటాడు. నరంలోకి పోయేదాన్ని చాలని ఆపేవాళ్లు ఉండరు తాతగారూ." ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. గుండె, కిడ్నీ సరిగ్గా ఉంటే ఎక్కువైన నీటిని బయటికి తోసేస్తాయి. అవి అలిసిపోయి ఉంటే తోయలేవు. మన అమ్మలకు, అత్తలకు అవి ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు, పరీక్ష చేయిస్తే కదా.

ఇంటికొచ్చాక మా పెద్దమ్మ చూడ్డానికొచ్చిన వాళ్లందరితో ఏమందో తెలుసా? "అన్ని వేలు గుంజారు, ఒక్క బాటిలైనా పెట్టలేదమ్మా పిసినారోళ్లు." ఏం చేస్తాం!

సెలైన్ దండగని నేననడం లేదు. 1832లో స్కాట్లాండులో కలరా వచ్చినప్పుడు థామస్ లట్టా అనే డాక్టరు చావుకు దగ్గరైనవాళ్ల నరాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించాడు. అప్పటి నుంచి అది ప్రాణాలు నిలుపుతూనే ఉంది. తాగింది తాగినట్టే వాంతి అయిపోతున్నా, స్పృహ లేకపోయినా, ఆపరేషన్ జరిగినా, డెంగీలో బీపీ పడిపోయినా అదే దిక్కు. డెంగీలో జ్వరం తగ్గే సమయమే ప్రమాదకరం. అప్పుడు నీరు తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే, గంట గంటకూ చూసుకుంటూ ఎక్కించాలి. అరుగు మీద జరిగే పని కాదది. ఇక్కడ వాట్సాప్ వైద్యులు ప్లేట్‌లెట్లు, బొప్పాయి ఆకు రసం అని ఊదరగొడతారు గానీ, డెంగీ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవద్దు, పారాసెటమాల్ చాలు అన్న మాట ఒక్కరూ ఫార్వర్డ్ చేయరు.

అసలు నోటిదారి గొప్పదనం మన దేశంలోనే తేలింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో పడిపోతుంటే సెలైన్ బాటిళ్లు సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి వచ్చాయి. చక్కెర తోడుంటే పేగులు ఉప్పును, దాని వెంట నీటిని లోపలికి లాక్కుంటాయి. కిటుకు అదే, ఓఆర్‌ఎస్ అంటే ఈ నీళ్లే. 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు, అప్పటికే ఆయన పోయారు.

ఆ ఓఆర్‌ఎస్‌ను కూడా మనవాళ్లు సరిగ్గా తాగరు. లీటరు నీళ్లలో కలపాల్సిన పెద్ద ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో గుమ్మరించి "ఛీ, ఉప్పు కషాయం" అని మొహం పెడతారు. గ్లాసు నీళ్లకు సరిపోయే చిన్న సాషేలు వేరే ఉంటాయి, ప్యాకెట్ మీద చదివి కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి, ఒక రోజు దాటితే పారబోయండి. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. దానికి ఎన్నో రెట్లు చక్కెర పోసిన పళ్లరసం డబ్బాలు ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని ఇన్నాళ్లూ మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. విరేచనాల పిల్లాడికి అంత చక్కెర తాగిస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడి, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లి, తిట్లూ తిన్నారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు పెట్టకూడదని ఆదేశాలిచ్చింది. మా నాన్న బతికుంటే ఆ డబ్బాలు షాపులో పెట్టేవాడా అంటే, పెట్టేవాడే. వ్యాపారం.

ఆర్‌ఎంపీలందరినీ తిట్టడం కూడా నాకిష్టం లేదు. రాత్రి రెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్లే. బిళ్ల రాసిస్తే ఫీజు ఇవ్వరు, బాటిల్ పెడితే ఇస్తారు. ఆ అలవాటు నేర్పింది మనమే. పట్నంలో పెద్దపెద్ద ఆసుపత్రులు మాత్రం? కడుపునొప్పని వెళ్లినా ముందు చేతికి బాటిల్ ఎక్కించే సూది (కాన్యులా) గుచ్చాకే పేరడుగుతారు.

మీ అమ్మగారికి ముందు హిమోగ్లోబిన్ చూపించండి. నన్నడిగితే మన ఆడవాళ్ల నీరసంలో ముప్పాతిక వంతు అక్కడే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మీ అమ్మగారు ఆ వయసు దాటే ఉంటారు, అయినా హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే తక్కువే, ఎందుకు తగ్గిందో డాక్టరు చూడాలి. ఐరన్ బిళ్లలు రాస్తే విరేచనం నల్లగా అవుతుంది, దానికి హడలిపోయి మానేయనివ్వకండి. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటుంటే ఓ గంట వెనక్కి జరపండి. షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్ కూడా ఆ రక్తంతోనే చేయించేయండి, బీపీ చూపించి బిళ్లల డోసు సరిపోతోందో లేదో అడగండి. ఆయాసమో, కాళ్ల వాపో ఉందంటే మాత్రం పరీక్షల రిపోర్టుల కోసం ఆగకుండా ఇవాళే తీసుకెళ్లండి. అక్కడెవరైనా బాటిల్ అంటే, ఏం బాటిల్, ఎందుకు, ఎన్ని గంటల్లో ఎక్కిస్తారు అని అడిగాకే చెయ్యి చాపమనండి.