అనాతోతు పొలం

తమ్ముడూ,

వందనాలు. ‘అంత్యదినాలు’ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. చెయ్యి బాగానే తిరిగింది. కానీ మూడో పేజీ దగ్గర కోపమొచ్చింది. బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 31వ అధ్యాయంలోని కొత్త నిబంధన గురించి, అంటే దేవుడు తన ప్రజల హృదయం మీద రాస్తానన్న ఒడంబడిక గురించి రాసి, నేరుగా దానియేలు గ్రంథంలోని అంత్యకాలపు లెక్కల్లోకి దూకావు. 32వ అధ్యాయాన్ని ఎలా దాటగలిగావయ్యా?

క్రీ.పూ. 587. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ముట్టడి దిబ్బలు లేచాయి. యిర్మీయా రాజుగారి చెరలో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, సొంతూరు అనాతోతులో ఉన్న తన పొలం కొనమన్నాడు. చుట్టూ శత్రువే, పొలమేమో గోడ అవతల! ఇది దేవుని మాటేనని గ్రహించి యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పెట్టి క్రయపత్రం రాసి, ముద్ర వేసిన ప్రతినీ వెయ్యని ప్రతినీ మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకి చెప్పాడు, చాలాకాలం నిలవాలని. ఆ తర్వాతే ప్రార్థనలో అడిగాడు, పట్టణం పోతుంటే పొలం కొనమన్నావేంటి ప్రభువా అని. వెండి ముందు తూచాడు, అర్థం తర్వాత అడిగాడు.

నిరీక్షణ గురించి రాసేవాడు ఆ కుండ గురించి రాయాలి. నలభై ఏళ్లుగా ఇదే మొత్తుకుంటున్నాను. నీ వ్యాసంలో అగ్ని ఉంది, మృగాలున్నాయి, భూకంపాలున్నాయి. ఒక్క మనిషి ఒక్క పని చెయ్యడు.

‘నిబంధన’ అని పేజీకి నాలుగుసార్లు రాశావు. హెబ్రీలో నిబంధన చెయ్యరు, ‘కోస్తారు’. దూడను రెండుగా కోసి ఆ ముక్కల మధ్య నడుస్తారు. యూదా రాజు సిద్కియా కాలంలో యెరూషలేము పెద్దలు అలాగే నడిచి దాసుల్ని విడిచిపెట్టారు, తర్వాత మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. 34వ అధ్యాయం తీసి చూడు. హృదయం మీద రాసే నిబంధన ఎందుకు కావలసి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

నా మొదటి వ్యాసం ఈ పొలం గురించే. అప్పట్లో చర్చి వెనక గదిలో ఉంటూ, ట్యూషన్లు చెప్పుకుంటూ, కాగితానికి రెండువైపులా రాసేవాణ్ణి. ఒక మాసపత్రిక సంపాదకుడు కుండ ఉన్న పేరా మొత్తం కొట్టేసి, ఆ చోట యుద్ధవార్తలు దూర్చాడు. ఏడాది తిరిగేసరికి ఆ వార్తలు ఎవరికీ గుర్తులేవు. ఇప్పటికీ ప్రతి యుద్ధానికీ ఒక వచనం అతికించేవాళ్లకే పేజీలు దొరుకుతున్నాయి. కొట్టేసిన పేరా నా పెట్టెలో అలాగే ఉంది.

చివర్లో ఒక వాక్యం రాసి వదిలేశావు: మీ నాయనమ్మ, ఇంకా చేతికి రాని పొలం పట్టాను బైబిల్లో దాచుకుందని. అక్కడ నాకు గొంతు పట్టేసింది. మిగతా పన్నెండు పేజీలు పక్కన పెట్టు. ఊరెళ్లి, ఆ పట్టా ఏ పుటల మధ్య ఉందో చూసి రా. అక్కడే ఎందుకు పెట్టుకుందో ఆవిణ్ణే అడుగు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.