‘సర్వేశ్వరుని మాతా’ అంటే నోరు మెదపని కోడలు

ప్రశ్న: మాది కతోలిక ఇల్లు. మా కోడలు మహబూబ్‌నగర్ దిక్కు మెన్నొనైట్ అనే ప్రొటెస్టంట్ సంఘంలో పెరిగిన పిల్ల. గుణవంతురాలు. పొద్దుమూకినంక జపమాలకు మాతోనే కూసుంటది గాని, ‘పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా’ అనే కాడ నోరు మూసుకుంటది. “దేవునికి తల్లి ఎట్లుంటది అత్తమ్మా? ఇదంతా మీ పోపులు తర్వాత చేర్చిందే” అంటది. నేనేం చెప్పాలె?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: చెల్లెమ్మా, ముందుగాల ఆ పిల్లను కోప్పడకు. ఆమె అడిగిన మాటనే 428లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్ పీఠం ఎక్కిన నెస్టోరియస్ కూడా అడిగిండు. మరియమ్మను ‘క్రీస్తు తల్లి’ అంటే చాలన్నడు. అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ ఎదురు తిరిగిండు. 431లో ఎఫెసు నగరంలో, మరియమ్మ పేరున్న గుడిలోనే బిషపుల సభ కూడింది. ‘దేవుని తల్లి’ అనుడు సరైనదే అన్నది. నెస్టోరియస్‌ను పదవిలోంచి తీసేసిన్రు. ఆ రాత్రి జనం దివిటీలు పట్టుకొని బిషపులను బస దాకా సాగనంపిన్రని సిరిలే ఉత్తరంలో రాసిండు.

నల్లగొండ పల్లెల్లో నేను ఉపదేశిగా, అంటే మతబోధ చెప్పేటోనిగా, తిరిగిన తొలినాళ్లలో దీనికి ఒక పోలిక చెప్పేటోణ్ని. “సర్పంచి తల్లి అంటం కదా, పదవిని ఆమె కన్నదా? అట్లనే ఇది.” జనం తలలూపేది. ఒకనాడు మా విచారణ గురువులు, అంటే మా గుడి ఫాదర్, విని పక్కకు పిలిచిన్రు. “సర్పంచి పదవి కొడుకుకు పెద్దయినంక వచ్చింది. యేసుకు దైవత్వం అట్ల తర్వాత వచ్చిందా?” అని అడిగిన్రు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. తెలువకుండానే తప్పు బోధ చెప్పుకుంట తిరిగిన.

సిరిల్ చెప్పిన పోలిక సరైనది. తల్లి కడుపులో రూపం దాల్చేది బిడ్డ శరీరమే, ఆత్మను ఇచ్చేది దేవుడు. అయినా ఆమెను ‘శరీరానికి తల్లి’ అని ఎవరన్నా అంటరా? మనిషికే తల్లి అంటం. మరియమ్మ కన్నది ఒక్కణ్నే, ఆయన దేవుడు. దైవత్వం ఆమెతోనే మొదలైందని కాదు. ఆమెను ‘దేవుని తల్లి’ అనకపోతే, పశువుల తొట్టిలో పడుకున్న బిడ్డ ఎవరో చెప్పలేం. ఆ పేరు కొడుకు కోసం పుట్టింది చెల్లెమ్మా. ఈ సంగతి కోడలుకు నిదానంగ చెప్పు.

పోపులు చేర్చిన్రన్న మాట మాత్రం నిజం కాదు. ఎఫెసుకు నూరేండ్ల ముందే, 324 ప్రాంతంలో, అలెగ్జాండ్రియా బిషప్ అలెగ్జాండర్ తన ఉత్తరంలో గ్రీకున ‘థెయోటోకోస్’, అంటే దేవుణ్ని కన్నతల్లి, అని రాసిండు. క్రైస్తవాన్ని విడిచిన జూలియన్ చక్రవర్తి 363లో చనిపోయిండు. మీరు మరియను ఊకె ఆ పేరుతోనే పిలుస్తరని ఆయన క్రైస్తవులను ఎత్తిపొడిచిండు. అంటే జనం నోట్లె అప్పటికే ఉన్న మాట అది. లూకా 1:43లో ఎలీసబెతు ‘నా ప్రభువు తల్లి’ అన్నది కూడా ఆమెతోనే చదివించు.

అయితే, అన్నీ మొదటి దినం నుంచే ఇట్లనే ఉన్నయని వాదించకు. మన ఇండ్లల్ల అన్నమ్మ అని పేరు పెట్టుకుంటం. అది మరియమ్మ తల్లి పేరు. ఆ పేరు సువార్తల్లో లేదు, రెండో శతాబ్దపు యాకోబు పేరున్న ఒక గ్రంథంలో ఉంది. సువార్తల్లో చెప్పిన ప్రభువు సహోదరుల సంగతి తీసుకుంటే, వాళ్లు యోసేపు మొదటి భార్య బిడ్డలని నాలుగో శతాబ్దపు బిషప్ ఎపిఫానియస్ రాసిండు, దగ్గరి చుట్టాలని బైబిలు పండితుడు జెరోమ్ 383లో రాసిండు. మరియమ్మ చివరి రోజుల గురించి ఆ ఎపిఫానియసే, ఎవరికీ తెలువదన్నడు. మోక్షారోపణను, అంటే మరియమ్మను ఆత్మశరీరాలతో మోక్షానికి ఎత్తుకున్నరన్న మాటను, విశ్వాస సత్యంగా ప్రకటించింది 1950లో. అమలోద్భవాన్ని, అంటే మరియమ్మ తల్లి కడుపున పడ్డప్పటి నుంచే జన్మపాపం లేనిదన్న మాటను, 1854లో. దాన్ని అంతకుముందు అక్వినాస్ తోమా అంతటి పండితుడే ఒప్పుకోలే. ఇవన్నీ కోడలుకు దాచకుండ చెప్పు. విశ్వాసులు ప్రార్థించుకుంట, వాదించుకుంట, శతాబ్దాల మీద తెలుసుకున్న సంగతులని చెప్పు. దాస్తే, రేపు ఇంకెవరో చెప్పినప్పుడు మన మాటే నమ్మదు.

అప్పటిదాకా ఆ పిల్ల ఆ ఒక్క కాడ మౌనంగ ఉంటే ఉండనియ్యి. జపమాలకు వచ్చి మీ పక్కన కూసుంటున్నది కదా.