చెల్లింపుల ఏపీఐ రంగంలో స్థిరపడాలంటే ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆన్‌లైన్ చెల్లింపుల ఏపీఐలు (ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంతో పని చేయించుకునే మార్గాలు) తయారుచేసే సంస్థల్లో ఉద్యోగం సంపాదించాలన్నది నా కోరిక. ఒక సేవ ఇచ్చిన నమూనా కోడ్‌తో పరీక్షా చెల్లింపు చేసి చూశాను. ఇకపై ఏం నేర్చుకోవాలి? మరో ప్రోగ్రామింగ్ భాష అవసరమా?

జవాబు: మరో భాష జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీకు బాగా వచ్చిన భాష ఏదైనా ఈ పనికి సరిపోతుంది. మీరు చేసిన పరీక్షా చెల్లింపులో అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఈ రంగంలో ఇంజనీరు అసలు పని మొదలయ్యేది చెల్లింపు మధ్యలో తెగిపోయినప్పుడు. కాబట్టి ఇతరుల ఏపీఐని వాడటంతో ఆగకుండా, అసలు డబ్బు ప్రమేయం లేని ఒక చిన్న చెల్లింపుల ఏపీఐని మీరే తయారుచేయండి.

ఒక సందర్భం ఊహించుకోండి. కొనుగోలుదారు బటన్ నొక్కారు, దుకాణం సర్వర్ రిక్వెస్ట్ పంపింది, ఖాతాలో సొమ్ము కట్ అయింది, కానీ ఆ జవాబు దుకాణానికి చేరేలోపే నెట్‌వర్క్ తెగిపోయింది. ఇప్పుడు రిక్వెస్టును మళ్లీ పంపితే సొమ్ము రెండోసారి కట్ కావచ్చు, పంపకపోతే చెల్లింపు జరిగిందో లేదో దుకాణానికి తెలియదు. దీనికి పరిష్కారంగా ఐడెంపొటెన్సీ కీ అనే పద్ధతి వచ్చింది: రిక్వెస్ట్ పంపేవారు ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక సంఖ్యను జతచేస్తారు, అదే సంఖ్య మళ్లీ వస్తే సర్వర్ కొత్తగా డబ్బు తీసుకోకుండా మొదటి ఫలితాన్నే తిరిగి పంపుతుంది. వినడానికి తేలికగా ఉన్నా, రాయడానికి కూర్చుంటే ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ఒకే కీతో రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే ఏది ముందు? అదే కీతో వేరే మొత్తం వస్తే ఏం చేయాలి? కీని ఎంతకాలం దాచాలి? మొదటిదానికి ఒకే కీ రెండుసార్లు నమోదు కాకుండా డేటాబేసులో యునీక్ నిబంధన పెట్టాలి, రెండోదానికి స్పష్టమైన ఎర్రర్ ఇవ్వాలి, మూడోది మీరే నిర్ణయించి డాక్యుమెంటేషన్‌లో రాయాలి. ఈ మూడింటికీ సొంతంగా జవాబు చెప్పగలిగిన విద్యార్థిని ఇంటర్వ్యూ చేసేవారు తేలికగా వదులుకోరని నా గట్టి నమ్మకం.

డబ్బు మొత్తాలను దశాంశాలతో దాచకండి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అందుకే మొత్తాన్ని ఆ కరెన్సీలోని అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకంగా రాస్తారు. అలాగని ప్రతి కరెన్సీకీ వందతో గుణించడమూ పొరపాటే: జపాన్ యెన్‌కు దశాంశాలు లేవు, ఒక కువైట్ దినార్‌కు 1000 ఫిల్స్.

తర్వాత వెబ్‌హుక్‌లు. చెల్లింపు పూర్తయిందని దుకాణానికి కబురు పంపే ఈ రిక్వెస్టులు రెండుసార్లు రావచ్చు, వరుస తప్పి కూడా రావచ్చు. అవి అసలైన చోటు నుంచే వచ్చాయని నిరూపించే డిజిటల్ సంతకాన్ని సరిచూసేటప్పుడు కొత్తవారు తరచూ ఒకచోట బోల్తా పడతారు: జేసన్ అనే పాఠ రూపంలో వచ్చిన డేటాను ముందు పార్స్ చేసి (భాగాలుగా విడదీసి), మళ్లీ పాఠంగా మార్చి లెక్కవేస్తారు, మధ్యలో ఒక్క ఖాళీ మారినా సంతకం కలవదు. వచ్చిన బైట్లను వచ్చినట్టే ఉంచి లెక్కవేయాలి.

భద్రత విషయంలో రాజీ వద్దు. కార్డు వివరాలకు పీసీఐ డీఎస్ఎస్ అనే ప్రమాణం 2004 నుంచి ఉంది. ఆథరైజేషన్ (చెల్లింపుకు బ్యాంకు అనుమతి) పూర్తయ్యాక సీవీవీని, అంటే కార్డు మీది భద్రతా సంఖ్యను, దాచడాన్ని అది నిషేధిస్తుంది. మీ ప్రాజెక్టులో పరీక్షా కార్డు సంఖ్యలే వాడండి. ఏపీఐని వాడేందుకు ఇచ్చే సీక్రెట్ కీని, కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో పెట్టకండి, పొరపాటున పెడితే ఆ ఫైలును తొలగించి ఊరుకోకుండా కీని వెంటనే రద్దుచేయండి, ఎందుకంటే పాత కమిట్లలో (కోడ్‌లో ఇంతకుముందు భద్రపరిచిన మార్పుల్లో) అది అలాగే ఉంటుంది.

ఇక విడుదల సంగతి. విద్యార్థులు దీన్ని చివరి రోజు పనిగా భావిస్తారు గానీ, ఏపీఐ బయటికి వెళ్లిన క్షణం నుంచి అందులోని ప్రతి ఫీల్డు పేరు మీద ఎవరిదో ఒకరి వ్యాపారం ఆధారపడి ఉంటుంది, మీకు నచ్చలేదని దాన్ని మార్చడానికి వీలుండదు. 2011లో అందరికీ అందుబాటులోకి వచ్చిన స్ట్రైప్ అనే చెల్లింపుల సంస్థ తన ఏపీఐ వెర్షన్లకు తేదీలతో పేర్లు పెట్టి, పాత వెర్షన్ మీద కట్టిన కోడ్ ఆగిపోకుండా చూస్తూ వచ్చింది. ఆ మార్పుల చిట్టా బహిరంగంగానే ఉంది, తీరికగా చదవండి. డాక్యుమెంటేషన్ రాయడం, డెవలపర్ల సందేహాలు తీర్చడం కూడా ఈ సంస్థల్లో ప్రత్యేక ఉద్యోగాలే. మీకు రాయడంలో ఆసక్తి ఉంటే ఆ దారిని తక్కువగా చూడకండి.

ప్రాజెక్టు పూర్తయ్యాక, దాని గురించి ఏమీ తెలియని ఒక స్నేహితుడికి మీ డాక్యుమెంటేషన్ మాత్రమే ఇచ్చి ఒక పరీక్షా చెల్లింపు, ఒక రిఫండు చేయమనండి. పక్కనే కూర్చోండి, సాయం మాత్రం చేయకండి. ఆయన ఎక్కడ ఆగారో, ఏ ఎర్రర్ సందేశం చూసి తికమకపడ్డారో రాసుకుని, సరిదిద్ది, మరొకరికి ఇవ్వండి. ఆ సవరణలన్నీ కమిట్ చరిత్రలో కనిపించేలా ఉంచి, రెజ్యూమెలో ఆ లింకునే అన్నింటికన్నా పైన పెట్టండి.