విలన్ కోటలోకి నేరుగా దిగిపోయే పార్టీని ఎలా ఆడించాలి?

మీరు అడిగింది ఇదీ: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్రగా డైస్ వేసి ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్‌లో మీ పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల జట్టు, 14వ లెవెల్‌కి వచ్చింది. విజర్డ్ (మంత్రగాడు), క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలేసే పూజారి), పాలడిన్ (దీక్ష పట్టిన యోధుడు), ఫైటర్, రోగ్ (చప్పుడు కాకుండా పని కానిచ్చేవాడు). అడల్ట్ రెడ్ డ్రాగన్‌ని రెండు రౌండ్లలో పడగొట్టేశారు. ఇప్పుడు లిచ్ (చచ్చినా చావని మంత్రగాడు) ఉన్న కోటలోకి టెలిపోర్ట్ (క్షణంలో వేరే చోటికి చేర్చే మంత్రం) వేసి నేరుగా సింహాసనం ముందే దిగుతామంటున్నారు. మాన్‌స్టర్ల హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటాయో చెప్పే లెక్క) పెంచాలా, టెలిపోర్ట్‌ని నిషేధించాలా, లేక కాంపెయిన్‌కి (వారం వారం సాగే ఈ కథకి) ఇక్కడే శుభం కార్డు వేసేయాలా?

మూడూ వద్దు. నేను నిజాంపేటలో మా ఫ్లాట్‌లోనే శనివారం రాత్రుళ్లు ఆడిస్తాను. ఒక కాంపెయిన్‌ని 20వ లెవెల్ దాకా లాక్కొచ్చాం, ఇప్పుడు నడుస్తున్నది 16లో ఉంది. మేమింకా 2014 పుస్తకాలతోనే ఆడుతున్నాం. మీరు 2024వి వాడుతుంటే కింద చెప్పే స్పెల్స్‌ని (మంత్రాల్ని) ఒకసారి సరిచూసుకోండి.

మీ డ్రాగన్‌కి ఉన్నవి 256 హిట్ పాయింట్లు. తక్కువేం కాదు. కానీ మీ వాళ్లు కడుపునిండా తిని, లాంగ్ రెస్ట్ (ఆటలో ఒక రాత్రి నిద్ర) తీసుకుని, స్లాట్లన్నీ (రోజుకి ఇన్ని స్పెల్సే అనే కోటా) నిండుగా పెట్టుకుని వచ్చారు. ఆ రోజుకి ఆ ఒక్క ఫైట్ తప్ప ఇంకే పనీ లేదని కూడా వాళ్లకి తెలుసు. అలాంటప్పుడు పాలడిన్ స్మైట్ (స్లాట్ ఖర్చుపెట్టి కొట్టే పెద్ద దెబ్బ) మీద స్మైట్ ఎందుకు కొట్టడు? డ్రాగన్‌కి 500 పెడితే రెండు రౌండ్లు నాలుగవుతాయి. రౌండ్‌కి అరగంట పట్టే ఈ లెవెల్లో అది ఆటగాళ్లకి శిక్ష, మీకు అంతకన్నా పెద్ద శిక్ష.

2014 డంజియన్ మాస్టర్స్ గైడ్ (ఆట ఆడించేవాళ్ల పుస్తకం) ఆటలో ఒక రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు జరుగుతాయనే లెక్క మీద నడుస్తుంది. శనివారం రాత్రి అన్ని ఫైట్లు ఎవరికి కుదురుతాయి? రెండు ఫైట్లు అయ్యేసరికి ఆఖరి మెట్రో టైమ్ అయిపోతుంది. అందుకే చాలా టేబుళ్లలో సెషన్ అయిపోగానే పార్టీ పడుకున్నట్టు, తర్వాతి వారం ఫుల్ స్లాట్లతో లేచినట్టు ఒక అలవాటు పడిపోతుంది. ముందు దాన్ని తెంచండి. ఆటలో ఒక రోజు మూడు శనివారాలు నడిచినా తప్పులేదు. మిగిలిన స్లాట్లు, హిట్ పాయింట్లు ఒక కాగితం మీద రాయించి మీ దగ్గరే పెట్టుకోండి. వాళ్ల దగ్గర ఉంచితే పోతుంది, ఎలా పోతుందో మీకూ తెలుసు.

ఇక ఆ రోజులో ఏం పెట్టాలి? దీనికి నాకు దారి చూపింది ఏ గైడూ కాదు, కర్ణుడు. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం భద్రంగా దాచుకున్నాడు. పద్నాలుగో రోజు యుద్ధం రాత్రిలోకి సాగితే కృష్ణుడు ఘటోత్కచుణ్ని వదిలాడు. కౌరవ సేన అల్లాడిపోతుంటే చూస్తూ ఊరుకోలేక కర్ణుడు ఆ శక్తిని అక్కడే ఖర్చు చేశాడు. 14వ లెవెల్ విజర్డ్ పరిస్థితి కూడా సరిగ్గా అంతే. అతని స్లాట్లలో పెద్దవి ఆరో లెవెల్‌ది ఒకటి, ఏడో లెవెల్‌ది ఒకటి (ఇవి స్పెల్స్ బలాన్ని చెప్పే లెవెల్స్, పాత్ర లెవెల్ వేరు). రోజుకి అంతే. మీరు అతని స్పెల్స్‌ని నిషేధించాల్సిన పనిలేదు, లిచ్ దగ్గరికి చేరేలోపు వాటిని వాడాలనిపించే ఘటోత్కచుణ్ని పంపితే చాలు. కాకపోతే ఆ వచ్చినవాడు నిజంగా ఘటోత్కచుడే అయ్యుండాలి. గాబ్లిన్ల గుంపుని తోలితే ఎవరూ ఏడో లెవెల్ స్లాట్ తీయరు, బోర్ కొట్టి ఫోన్లు తీస్తారు.

టెలిపోర్ట్ సంగతికి వద్దాం. అది ఏడో లెవెల్ స్పెల్. అంటే లోపలికి దిగేసరికే మీ విజర్డ్ ఆ రోజు స్లాట్ అయిపోయింది. తిరిగి ఎలా వస్తారు? క్లెరిక్ వర్డ్ ఆఫ్ రీకాల్ (ముందే అనుకున్న చోటికి పార్టీని తిరిగి చేర్చే స్పెల్) ప్రిపేర్ చేసుకుని ఉంటే రావచ్చు, కానీ అది ఆరో లెవెల్. అతనికీ ఆరు ఒకటి, ఏడు ఒకటి. ఒకటి తిరుగు ప్రయాణానికి దాస్తే, హీల్‌కో (గాయాలు మాన్పే స్పెల్) హీరోస్ ఫీస్ట్‌కో (పార్టీకి బలమిచ్చే విందు స్పెల్) మిగిలేది ఇంకొకటే. (తెలివైన క్లెరిక్ హీరోస్ ఫీస్ట్‌ని ముందు రాత్రే, మిగిలిపోయిన స్లాట్‌తో వేసి పడుకుంటాడు. ఫలితం 24 గంటలు ఉంటుంది. మా వాడు ఎప్పుడూ ఇదే చేస్తాడు, నేనూ అడ్డు చెప్పను.) పైగా ఒక్కసారే చూసిన చోటికి టెలిపోర్ట్ వేస్తే వంద దాకా పడే డైస్‌లో 01 నుంచి 43 దాకా ఏది పడినా మిస్‌హ్యాప్ (స్పెల్ వికటించడం), అందరికీ డ్యామేజ్. స్క్రైయింగ్‌లో (దూరం నుంచే చూపించే స్పెల్‌లో) చూసిన గదిని నేను ఒక్కసారి చూసిన చోటు కిందే లెక్కేస్తాను. ఈ పట్టికని ఆటగాళ్ల ముందు గట్టిగా చదవండి. సింహాసనం ముందు దిగే ఉత్సాహం సగం తగ్గుతుంది.

మా కాంపెయిన్‌లో శత్రువు కోటని నేను గోల్కొండ చూసే గీశాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని స్కూల్ పిక్నిక్‌కి వెళ్లిన ప్రతివాడికీ తెలుసు. దాన్నే రూల్‌గా పెట్టాను: కింద గేటు దగ్గర ఏ శబ్దమైనా పైదాకా వెళ్తుంది. పై మహల్ మీద మాత్రం ఫర్బిడెన్స్ అనే స్పెల్ ఉంది. ముప్పై రోజులు వరసగా ఒకే చోట వేస్తే అది ఇక అలాగే ఉండిపోతుంది, దాని లోపలికి టెలిపోర్ట్ పడదు. ఒకసారి వేస్తే కప్పేది 40,000 చదరపు అడుగులే కాబట్టి కోట మొత్తానికి రాదు. కింద ఎక్కడైనా దిగొచ్చు, అక్కణ్నుంచి మెట్లెక్కాలి, చప్పుడు కాకుండా ఎక్కాలి. ఎప్పుడో మూడో లెవెల్లో మర్చిపోయిన సైలెన్స్ స్పెల్ ఒక్కసారిగా బంగారమైపోయింది. అప్పటిదాకా మూలన కూర్చున్న రోగ్ ఆటగాడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

అంతకన్నా బాగా పండింది ద్వారపాలకుడు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేసినా గోల్కొండ లొంగలేదు, చివరికి లోపలివాడు అమ్ముడుపోయి తలుపు తీశాడు. ఇది తెలిసిన మా వాళ్లు గేటు కాపలా నాయకుణ్ని కొనడానికి వెళ్లారు. వాళ్ల దగ్గర బంగారానికి లోటు లేదు, ఈ లెవెల్లో ఏ పార్టీకీ ఉండదు. అందుకే అతను బంగారం అడగలేదు. రెండేళ్ల కిందట పోయిన తన కొడుకుని బతికించమన్నాడు. రెయిజ్ డెడ్ స్పెల్ మనిషి పోయిన పది రోజుల దాకానే పనిచేస్తుంది, కాబట్టి రిసరెక్షన్ కావాలి. అది ఏడో లెవెల్. పోయి ఏడాది దాటినవాణ్ని లేపితే, మళ్లీ లాంగ్ రెస్ట్ అయ్యేదాకా క్లెరిక్ ఇంకో స్పెల్ వేయలేడు. కాపలా మారేది మాత్రం ఆ రాత్రికే. క్లెరిక్ లేకుండా లోపలికి వెళ్లాలా, మాటిచ్చి తర్వాత బతికించాలా, తండ్రి నమ్ముతాడా? ఆ సెషన్‌లో డైస్ వేసిందే తక్కువ. ఇరానీ చాయ్ ఫ్లాస్క్ ఖాళీ అయ్యేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. కోట కోసం నేను మాన్‌స్టర్లని చూసుకున్న సమయం కన్నా ఈ ఒక్క మనిషికి ఏం కావాలో ఆలోచించిన సమయమే ఎక్కువ, ఖర్చుకి తగ్గ ఫలితం కూడా అక్కడే వచ్చింది.

ఇంకో పద్ధతి, ఒకే రాత్రి రెండు చోట్ల మంట పెట్టడం. దూరాన్ని టెలిపోర్ట్ చంపేస్తుంది గానీ ఒక మనిషి రెండు చోట్ల ఉండలేడు. కబురు సెండింగ్ స్పెల్‌లో రావాలి, 25 మాటల్లో. తెలుగులో 25 మాటలంటే బోలెడు సరుకు పడుతుందని మా వాళ్లు కనిపెట్టేశారు, సమాసాలు గుప్పిస్తుంటారు. సిమ్యులాక్రం (మనిషికి నకలు తయారుచేసే స్పెల్) చేసి ఒకణ్ని అటు పంపుతామంటారా? పంపనివ్వండి. దానికి 12 గంటలు పడుతుంది, 1,500 గోల్డ్ విలువైన కెంపుల పొడి పోతుంది, అది కూడా ఏడో లెవెలే కాబట్టి ఆ రోజుకి టెలిపోర్ట్ ఉండదు.

ఫైట్ వేగం గురించి రెండు మాటలు. మాన్‌స్టర్ల డ్యామేజ్‌కి డైస్ వేయకుండా యావరేజే వాడండి. 17వ లెవెల్‌కి వచ్చాక మీటియర్ స్వార్మ్ (ఉల్కల వాన స్పెల్) వస్తుంది, 40 డైస్, సగటున 140. వేసేవాడికి మొదటిసారి మాత్రం చేత్తో వేసుకోనివ్వండి, ఆ సరదా వేరు. విష్ (ఏదైనా కోరుకోగలిగే స్పెల్) వచ్చినప్పుడు మాటల్లో లొసుగులు వెతికి ఆటగాణ్ని ఇరికించొద్దు. హిరణ్యకశిపుడి కథ వింటూ పెరిగినవాళ్లు, పగలు కాదు రాత్రి కాదు అంటూ పేజీ నిండా షరతులు రాసుకొస్తారు, సాయంత్రమంతా దానికే పోతుంది. ఎనిమిదో లెవెల్ దాకా ఏ స్పెల్‌నైనా కాపీ చేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అంతకు మించి కోరితే ఇక జన్మలో విష్ వేయలేకపోయే అవకాశం 33 శాతం. ఆ భయం చాలు.

మీ లిచ్ విషయంలో ఒక్కటి మాత్రం ఇప్పుడే సరిచేసుకోండి. సీఆర్ (ఎంత కష్టమైన శత్రువో చెప్పే అంకె) 21 అని చూసి ధైర్యంగా ఉన్నారేమో, దాని హిట్ పాయింట్లు 135. మీ డ్రాగన్‌లో దాదాపు సగం. ఒంటరిగా నిలబెడితే రెండో రౌండ్ కూడా చూడదు. కానీ ఫైలాక్టరీ (లిచ్ తన ప్రాణం దాచుకున్న వస్తువు) భద్రంగా ఉన్నంతకాలం, చచ్చాక పదిరోజుల్లోపే దాని పక్కనే కొత్త ఒంటితో లేస్తుంది. అంటే రెండు చోట్లు మీకు పుస్తకమే ఇచ్చేసింది. ఫైలాక్టరీని కోటకి దూరంగా, పార్టీకి ఇష్టమైన ఊళ్లోనే, వాళ్లు నమ్మే మనిషి ఇంట్లో పెట్టండి. కోటలో లిచ్‌ని వచ్చే సెషన్‌లోనే చంపనివ్వండి, స్లాట్లన్నీ అక్కడే ఊడ్చేసుకుంటారు. కొత్త ఒంటికి 1డీ10 రోజులు, అంటే పది ముఖాల డైస్ ఒకటి వేస్తే ఎంత పడితే అన్ని. ఆ డైస్‌ని స్క్రీన్ వెనక కాకుండా టేబుల్ మధ్యలో వేయండి. ఎందుకు వేస్తున్నారో మాత్రం చెప్పకండి.