ఫోన్ చూడటం కూడా ఒక చదువేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఏ పూర్తి చేసింది. ఎంఏ సోషియాలజీలో చేరి సోషల్ మీడియా మీద చదువుతానంటోంది. ఇప్పటికే రోజంతా ఫోన్‌తోనే ఉంటుంది. మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేస్తే వెంటనే ఉద్యోగం వస్తుందని బంధువులు అంటున్నారు. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం. అసలు దాంట్లో ‘బంధువులు’ అన్న మాట నాలుగు చోట్ల ఉంది. అమ్మాయికి ఆ సబ్జెక్టు ఎందుకు ఇష్టమో ఒక్క చోటా లేదు.

ఫోన్ పట్టుకుని కూర్చోవడానికి పిల్ల చదువని పేరు పెట్టిందేమోనని మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. నిజానికి ఈ చదువులో ఫోన్ తక్కువ, పుస్తకాలతో కుస్తీ ఎక్కువ.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1949లో స్కాట్లాండ్‌లోని షెట్‌లాండ్ దీవులకు వెళ్లాడు. అక్కడి హోటల్లో పనివాళ్లు వంటగదిలో ఒకలా, భోజనాల గదిలో ఇంకోలా ఉండటం గమనించాడు. మనిషి నలుగురి ముందు వేషం కడతాడు, తెర వెనక దించేస్తాడు అన్నాడు. ఆయన 1982లో పోయాడు, ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది 2010లో. అయినా మొన్న ఒకమ్మాయి తన రెండు ఇన్‌స్టా అకౌంట్లు చూపిస్తే నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఒకదాంట్లో పట్టుచీర, గుడి మెట్లు. ఫాలోవర్లలో పెదనాన్నలు, మేనత్తలు. రెండో దాంట్లో పదకొండు మందే. అక్కడ తలనిండా నూనె, సబ్జెక్టు పోయిందని ఏడుపు మొహం. పిల్లల మార్కులు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, ఎవరెవరు చూశారో గంటకోసారి చూసుకునే తండ్రులమూ ఈ సిలబస్‌లోకే వస్తాం. ఎవరో చూస్తున్నారేమో అన్న అనుమానమే మనిషిని ఎలా నడిపిస్తుందో ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో రాశాడు. మీకు అది విడిగా వివరించనక్కర్లేదు.

ఇక డిజిటల్ మార్కెటింగ్. అమీర్‌పేటలో ఆ ఫ్లెక్సీలు ఏళ్ల తరబడి చూస్తున్నాను. కోర్సు తప్పని అనను. కానీ మూడు నెలల్లో నేర్పేది చాలావరకు ప్రకటన పెట్టాలంటే ఎక్కడ ఏ బటన్ నొక్కాలన్నదే. ఆ స్క్రీన్లు చూస్తుండగానే మారిపోతాయి. పోస్టు కింద రాసే రెండు వాక్యాలు ఇప్పుడు ఏఐ కూడా రాసిపెడుతోంది. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అన్నవాళ్లను జీతం ఎంతని, ఎన్నాళ్లని అడిగారా? కోర్సు అయ్యాక ‘ఇప్పుడేం చేయాలి సార్’ అని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. దాన్ని ఎంఏ సెలవుల్లో నేర్చుకోవచ్చు. ఎంఏను సెలవుల్లో చేయలేం కదా!

ఎంఏ అవగానే ఉద్యోగం ఒళ్లో పడుతుందనీ చెప్పను. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయలు, అదీ కొందరికే. యాప్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ (యాప్‌ను జనం ఎలా వాడుతున్నారో తెలుసుకునే పని), సర్వే సంస్థలు, ఎన్జీవోలు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ ఎంఏ ఉంది. ప్రవేశ పరీక్ష సంగతి అమ్మాయికే బాగా తెలుసు.

ముందు ఒక పని చేయించండి. మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపును రెండు వారాలు గమనించమనండి. రోజూ గుడ్ మార్నింగ్ పెట్టేదెవరు, ఎవరి మెసేజ్‌కు ఎవరూ పలకరు, ఆడవాళ్లు ఏ విషయంలో నోరు విప్పుతారు... ఇవన్నీ నాలుగు పేజీల్లో రాయమనండి. మధ్యలో విసుగొచ్చి వదిలేస్తే ఎంఏ మాట మర్చిపోవచ్చు. రాసిందంటే సీటు కోసం ప్రయత్నించండి. ఆ పేజీలు మాత్రం గ్రూపులో పెట్టకండి.