ఏడాదిలో డిగ్రీ అంటే డబ్బు కట్టొద్దు అక్కా

ఇంటర్‌తో ఆపేసి పదిహేనేళ్లయింది, ఆన్‌లైన్‌లో ఏడాదిలో డిగ్రీ ఇస్తామంటున్నారు, కట్టమంటారా అని అడిగారు. వద్దక్కా. ఏడాదిలో డిగ్రీ ఇచ్చే అనుమతి ఏ యూనివర్సిటీకీ లేదు, డిగ్రీకి మామూలుగా మూడేళ్లు పడుతుంది.

యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీకి దూరవిద్యా బ్యూరో (డెబ్) ఉంది, దాని వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు ఒక్కటే చూస్తే చాలదు. మీరు చేరే కోర్సుకి, ఈ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో కూడా చూడండి. చాలామంది ఇక్కడే మోసపోతారు. అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లోనే స్పష్టం చేసింది, ఆ టెన్షన్ వద్దు.

కేంద్ర ప్రభుత్వ దూరవిద్యా యూనివర్సిటీ ఇగ్నోలో వయోపరిమితి లేదు. బీఏకి ఆరేళ్ల వరకు గడువుంటుంది. పిల్లలు, ఉద్యోగం ఉన్న మీకు అదే నయమనిపిస్తోంది. చేరే ముందు ఆధార్‌తో ఏబీసీ ఐడీ (మీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దాంతో డెబ్ ఐడీ (దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో విద్యార్థికి వచ్చే నంబరు) మీరే చేసుకోండి, ఏజెంటుకి ఓటీపీ చెప్పకండి.